గొట్టానికీ ఓ గడువుంది!

హీరో తెరమీదికి రాగానే మీరు ఈల వేస్తారు. విలన్‌కి దెబ్బ పడితే మీ గుండె దడదడలాడుతుంది. పాట మొదలైతే కుర్చీ చేతిమీద తాళం వేస్తారు. అంతా బాగానే వుంది. కానీ ఆ దెబ్బనీ ఆ పాటనీ మీ దాకా మోసుకొచ్చేది ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా? హీరోకి అభిమాన సంఘాలున్నాయి. హీరోయిన్‌కి ఉత్తరాలొస్తాయి. కమెడియన్‌కి కూడా కటౌట్లు కడుతున్నారు. తెర వెనక చీకట్లో, దుమ్ములో నోరు తెరుచుకు నిలబడ్డ గొట్టానికి మాత్రం ఒక్క దండ వేసినవాడు లేడు!

దాని పేరు హారన్ లౌడ్‌స్పీకరు. గుడి గోపురానికీ, వేపచెట్టు కొమ్మకీ, ఎన్నికల జీపుకీ కట్టే మైకు గొట్టం దానికి స్వయానా తమ్ముడు. సినిమాల మీద వ్యాసాలు రాసుకుని బతికే నాబోటివాడికి నటీనటుల సంగతులు చాలు గానీ గొట్టాల సంగతెందుకు అంటారేమో! నేనూ అలాగే అనుకునేవాణ్ని. రెండేళ్ల క్రితం మా మేనమామకి వచ్చిన ఒక ఉత్తరం నన్ను ఈ గొట్టంలోకి దింపింది.

ఉత్తరం తెచ్చిన గుబులు

మా మామయ్యది తెనాలి దగ్గర ఓ పల్లె. చదివింది ఏడో తరగతి. నలభై ఏళ్లుగా మైకు సెట్టే ఆయన జీవనం. పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ గొట్టాలు కట్టి పాటలు వేసేవాడు. కాలం మారింది. గొట్టాలు పోయి నల్లటి పెద్ద పెద్ద బాక్సులొచ్చాయి. రిపేరుకొచ్చిన ఓ విదేశీ బాక్సుని విప్పి, లోపల చెక్కలు ఎలా మడత పెట్టారో చూసి, కొలతలు రాసుకుని తనే బాక్సులు చేయడం మొదలెట్టాడు. ఇద్దరు కుర్రాళ్లు ఆయన దగ్గర పనిచేస్తున్నారు.

వినాయక చవితి సీజను కోసం అప్పు చేసి ప్లైవుడ్డు దింపించిన వారంలోనే వచ్చింది ఆ ఉత్తరం. పట్నంలో ఓ వ్యాపారి పంపాడు. ఇంగ్లీషులో రెండు పేజీలు. "మీరు తయారుచేస్తున్న హారన్ బాక్సుకి అంతర్జాతీయ పేటెంటు వుంది. వెంటనే తయారీ ఆపాలి. ఇప్పటిదాకా అమ్మినవాటికి ఒక్కోదానికి ఇంత చొప్పున కట్టాలి. లేదంటే కోర్టు" అని సారాంశం.

మామయ్య ఆ ఉత్తరాన్ని పాలిథిన్ సంచీలో పెట్టుకుని బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. నేను చదివి అర్థం చెబుతుంటే నేలచూపులు చూస్తూ విన్నాడు. చివర్లో ఒకే ఒక్క మాట అడిగాడు.

"అయితే ఏరా అల్లుడూ, నేను దొంగనా?"

డబ్బు సంగతి కాదండీ. నలభై ఏళ్లు చెమటోడ్చిన మనిషి ఆ మాట అడిగితే ఏం చెప్పను? "రెండు రోజులుండు మామయ్యా, చదివి చెబుతా" అన్నాను. రెండు రోజులు కాస్తా రెండు నెలలైంది. ఆ చదువులో దొరికిన సంగతులే ఇవి.

ఇంతకీ గొట్టం చేసే పనేమిటి?

కాలవ అవతల వున్న మనిషిని పిలవాలంటే ఏం చేస్తాం? రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పెట్టి కేకేస్తాం. గొంతు అదే, బలం అదే. కానీ కేక ఎక్కువ దూరం పోతుంది. నాదస్వరానికి చివర గంటలాంటి మూతి వుండేదీ కొంత ఇందుకే.

స్పీకరులో కదిలే పొర చిన్నది. దానిముందు గాలి మరీ తేలిక. పొర ముందుకు తోసినా గాలి పక్కలకి జారిపోతుంది, శ్రమంతా వృథా! అదే పొర ముందు సన్నటి గొంతు పెట్టి, అక్కణ్నుంచి క్రమంగా వెడల్పయ్యే దారి వేస్తే గాలి తప్పించుకోలేదు. గొంతులో ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి మెల్లమెల్లగా విచ్చుకుని పెద్ద మూతిలోంచి హాలంతా నిండుతుంది. మామూలు కోను స్పీకరు నూరు పాళ్ల కరెంటు తిని ఒకటి రెండు పాళ్లే ధ్వనిగా ఇస్తే, మంచి హారన్ పాతిక ముప్ఫై పాళ్లు కూడా ఇవ్వగలదు. కొద్ది వాట్ల ఆంప్లిఫయర్లతో వెయ్యిమంది హాలు నింపాల్సిన ఆ తొలి టాకీ రోజుల్లో గొట్టం లేకపోతే హీరో గొంతు మూడో వరస దాటేది కాదు!

పేటెంటు దక్కని 'గొప్ప గొంతు'

ఈ కథలో మొదటి హీరో పీటర్ జెన్సెన్. డెన్మార్క్‌లో పుట్టి అమెరికా వెళ్లినవాడు. కాలిఫోర్నియాలో నాపా అనే వూళ్లో ఎడ్విన్ ప్రిధమ్ అనే మిత్రుడితో కలిసి అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్టకి గొట్టం తగిలించాడు. 1915లో దానికి పెట్టిన పేరు 'మాగ్నవాక్స్'. లాటిన్ భాషలో 'గొప్ప గొంతు' అని అర్థం. 1919 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ శాన్‌డియాగోలో ఆ గొట్టాల సాయంతోనే సుమారు 50 వేలమందికి వినపడేలా మాట్లాడాడు. ఇవాళ మన నాయకులు అంతంత సేపు మాట్లాడుతున్నారంటే ఆ పాపంలో జెన్సెన్‌కీ కొంత వాటా వుందన్నమాట!

చిత్రమేమిటంటే, కదిలే తీగచుట్ట మీద ఆయనకి పేటెంటు దక్కలేదు. అలాంటి ఏర్పాటుని జర్మనీలో ఎర్నెస్ట్ సీమెన్స్ 1874లోనే వర్ణించాడు. 1898లో ఇంగ్లండ్‌లో ఆలివర్ లాడ్జ్ కదిలే తీగచుట్టతో స్పీకరు చేసి చూపాడు. పాపం, వాళ్ల రోజుల్లో దానికి జోడీగా పనికొచ్చే ఆంప్లిఫయరే లేదు! అంటే ఒకరికి ఆలోచన మరీ ముందొచ్చింది, ఇంకొకరికి మరీ వెనకొచ్చింది. మన కథా రచయితలకి ఈ బాధ బాగా తెలుసు.

ఒకే రోజు రెండు ముహూర్తాలు

ఇక టాకీ యుగం. 1926 ఆగస్టు 6న న్యూయార్క్‌లో 'డాన్ జువాన్' సినిమాని రికార్డు చేసిన సంగీతంతో చూపించారు. మాటలు మాత్రం లేవు. మరుసటి ఏడు 1927 అక్టోబరు 6న 'ది జాజ్ సింగర్' వచ్చి మాట కూడా వినిపించింది. ఆ సినిమాలకి వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ పరికరాలు వాడారు. ఆ కంపెనీవారి '555' అనే యూనిట్టు ఆ కాలపు హాళ్లకి ప్రాణం. దాన్ని రూపొందించినవాళ్లు బెల్ లేబరేటరీస్‌కి చెందిన ఎడ్వర్డ్ వెంటే, ఆల్బర్ట్ థురాస్. దాని వెనక పెద్ద పెద్ద మెలికల గొట్టాలు!

అదే సమయంలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు గొట్టమే అక్కర్లేని కోను స్పీకరు తయారుచేశారు. ఇవాళ మీ ఇంట్లో టీవీలో వున్నది దాని సంతానమే. గొట్టం పార్టీ ఒకటి, కోను పార్టీ ఒకటి. రెండింటి ముఖ్యమైన పేటెంట్లనూ అమెరికా ప్రభుత్వం 1929 ఏప్రిల్ 2న, ఒకే రోజున ఇచ్చింది. నంబర్లు కూడా దగ్గర దగ్గరే: వెంటే, థురాస్‌లవి 17,07,544, 17,07,545; రైస్‌ది 17,07,570. ఇద్దరు హీరోల సినిమాలు ఒకే శుక్రవారం రిలీజైనట్టు లేదూ!

ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు ఇచ్చిన రోజునుంచి పదిహేడేళ్లు. అంటే 1946 ఏప్రిల్లో రెండూ ఒకేసారి అందరి సొత్తూ అయిపోయాయి.

ఆ పదిహేడేళ్లలో మాత్రం హాళ్ల యజమానులు తక్కువ తిప్పలు పడలేదు. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ తరఫున ఎర్పి అనే సంస్థ హాళ్లకి పరికరాలు అద్దె పద్ధతిన ఇచ్చేది. సర్వీసు తమ దగ్గరే చేయించుకోవాలి, విడిభాగాలూ తమ దగ్గరే కొనాలి అని షరతులు. హాళ్లవాళ్లు కోర్టుకెక్కితే 1933లో డెలావేర్‌లోని ఫెడరల్ కోర్టు విడిభాగాల షరతును తప్పుపట్టింది. 1937లో ఆ సర్వీసు వ్యాపారం చేతులు మారి 'ఆల్టెక్' అనే కొత్త కంపెనీ పుట్టింది.

మన దేశంలో తొలి టాకీ 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయి మెజస్టిక్‌లో విడుదలైంది. తర్వాత హెచ్.ఎమ్.రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర నోరు విప్పింది. పాత తెలుగు సినిమాల టైటిల్స్ ఈసారి ఓపిగ్గా చూడండి. 'ఆర్.సి.ఎ.', 'వెస్ట్రెక్స్' అన్న పేర్లు కనిపిస్తాయి. ఆ రెండో పేరు వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కుటుంబానిదే.

మూలనున్న మహానుభావుడు

నాకు అన్నిటికన్నా నచ్చిన కథ పాల్ క్లిప్ష్‌ది. మంద్ర స్వరాలకి గొట్టం చాలా పెద్దది కావాలి. 40 సైకిళ్ల స్వరం ఒక్క అలే గాలిలో ఇరవై ఎనిమిది అడుగుల పొడుగుంటుంది! అంత గొట్టం ఇంట్లో పెడితే మనుషులు వీధిలో వుండాలి. క్లిప్ష్ ఏం చేశాడంటే, గొట్టాన్ని చెక్కపెట్టెలో మడతలు పెట్టి, పెట్టెని గది మూలకి జరిపాడు. మూలలో కలిసే రెండు గోడలూ, నేలా గొట్టానికి కొనసాగింపయ్యాయి. గది మూలే గొట్టం మూతి! ఖర్చు లేని కొలత.

1940లో దరఖాస్తు పెట్టాడు. 1943 ఫిబ్రవరి 9న పేటెంటు వచ్చింది. 1946లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం, హోప్ అనే చిన్న వూళ్లో ఓ రేకుల షెడ్డులో తయారీ మొదలెట్టాడు. మొదటి పేటెంటు గడువు 1960లో తీరిపోయింది. ఎవరైనా చేసుకోవచ్చు. మరి ఆయన వ్యాపారం మునిగిందా? లేదు! 2002లో తన 98వ ఏట ఆయన కన్నుమూసే నాటికి కూడా ఆ మూలపెట్టెలు హోప్‌లో తయారవుతూనే వున్నాయి. కొనేవాళ్లు కొంటూనే వున్నారు. కొలతలు అందరికీ దొరికాయి, ఆ చేతిపనీ ఆ పేరూ ఆయనకే మిగిలాయి.

ఇంకో కథ మీ టిక్కెట్టుకి సంబంధించింది. పాతరకం గొట్టాల్లో సన్నటి స్వరాలు టార్చిలైటులా నడిమధ్యకే పోయేవి. పక్క సీట్లవాళ్లకి మాటలు ముద్దముద్దగా వినిపించేవి. 1975లో డి.బి.కీల్ అనే ఇంజనీరు "ఆ పాత వంపులో అంత పవిత్రం ఏముంది?" అన్న ధోరణిలో ఓ పత్రం రాసి, అన్ని వైపులకీ సమంగా పంచే గొట్టం రూపం చూపించాడు. 1978లో పేటెంటొచ్చింది. 1995లో గడువు తీరింది. ఆ ఆలోచన మీద వచ్చిన గొట్టాలు తర్వాత హాళ్లన్నిటా పరుచుకున్నాయి. గోడవార సీట్లో కూర్చున్న మీకు డైలాగు స్పష్టంగా వినిపిస్తే, మనసులో ఆయనకో నమస్కారం పెట్టండి.

మామయ్య పేటెంటు చదివిన విధం

క్లిప్ష్ పేటెంటు కాయితాలు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి మామయ్య ముందు పెట్టాను. బి.ఎ. చదివిన నేను మొదటి పేరాలోనే చతికిలబడ్డాను. ఆయన అక్షరం ముక్క చదవకుండా బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదిగో, గాలి ఇక్కడ రెండు పాయలవుతుంది. ఇక్కణ్నుంచి వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ గోడ తగులుతుంది. అబ్బ! ఏం బుర్రరా వీడిది!" అన్నాడు. ఉత్తరం వచ్చాక ఆయన ముఖంలో వెలుగు చూడడం అదే మొదటిసారి.

అప్పుడు నాకు పేటెంటంటే ఏమిటో నిజంగా అర్థమైంది. అది తాళం కాదు, ఒప్పందం. "నీ రహస్యం బొమ్మలతో సహా విడమరిచి చెప్పు. కొన్నాళ్లు నీకు తప్ప ఇంకెవరికీ హక్కు లేకుండా చూస్తాం. తర్వాత అది లోకానిది" అని ప్రభుత్వం అంటుంది. రహస్యం దాచుకున్నవాడితోపాటే రహస్యమూ పోతుంది. పేటెంటు తీసుకున్నవాడి రహస్యం తెనాలి వడ్రంగిదాకా వస్తుంది.

మరి మామయ్య ఉత్తరం సంగతి? మీలో ఎవరికైనా పనికొస్తుందని వివరంగా చెబుతున్నా.

మొదటిది: 'అంతర్జాతీయ పేటెంటు' అనేది లేనేలేదు. అనేక దేశాలకి కలిపి దరఖాస్తు పెట్టుకునే పద్ధతి వుంది గానీ, మన దేశంలో చెల్లాలంటే పేటెంటు మన దేశమే ఇవ్వాలి. అమెరికా పేటెంటు మన దేశంలో చెల్లదు.

రెండోది: మన 1970 నాటి చట్టం ప్రకారం ఒకప్పుడు ఇలాంటివాటికి పద్నాలుగేళ్లుండేది. 2003 నుంచి దరఖాస్తు తేదీ మొదలు ఇరవై ఏళ్లు. అమెరికాలోనూ 1995 నుంచి ఇదే లెక్క. మధ్యలో రుసుము కట్టడం మానేస్తే ఇంకా ముందే పోతుంది. మన పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు.

మూడోది: ఉత్తి బెదిరింపులకి మందు కూడా చట్టంలోనే వుంది. ఆధారం లేకుండా పేటెంటు పేరుతో బెదిరిస్తే, 106వ సెక్షను కింద మనమే కోర్టుకి వెళ్లొచ్చు.

ఆ వ్యాపారికి మర్యాదగా మూడు ప్రశ్నలు రాశాం. పేటెంటు నంబరెంత? ఏ దేశానిది? ఏ తేదీది? నెలకి జవాబొచ్చింది. నంబరు వెతికితే అది అమెరికా పేటెంటు. మన దేశంలో దానికి జోడీ లేదు. గడువు తీరి అప్పటికే పన్నెండేళ్లు! ఆ సంగతులూ, 106వ సెక్షనూ రాసి తిరుగుటపాలో పంపాం. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నువ్వు దొంగవి కాదు మామయ్యా" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకోలేదు గానీ, కండువా తీసి ముఖమంతా తుడుచుకున్నాడు.

స్టిక్కర్ల సంగతి

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. షెడ్డుకి వెళ్లి చూస్తే తయారైన బాక్సుల మీద ఓ విదేశీ కంపెనీ స్టిక్కరు మెరుస్తోంది! "కొనేవాళ్లు ఆ పేరే అడుగుతున్నారండీ" అన్నాడు కుర్రాడు.

మామయ్యని పక్కకి పిలిచి చెప్పాను. "గొట్టం రూపానికి గడువుంది, పేరుకి లేదు. పదేళ్లకోసారి రుసుము కట్టుకుంటూ పోతే ట్రేడ్‌మార్కు నూరేళ్లయినా వుంటుంది. చెక్క మడత నీ చెమట. ఈ స్టిక్కరు మాత్రం పరాయి సొత్తు. వాడు పేటెంటు గురించి కాకుండా దీని గురించి రాసి వుంటే జవాబు చెప్పడానికి మన దగ్గర ఏమీ వుండేది కాదు."

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పట్టీ తీసుకుని కూర్చున్నాడు. పదకొండు స్టిక్కర్లు. ఒక్కోటీ గీకి పారేశాడు. ఆ సీజనులో రెండు బేరాలు పోయాయి. "పేరు లేని బాక్సు మాకొద్దు" అన్నారట.

అన్నట్టు, మామయ్య తనే కనిపెట్టిన మడత ఒకటి వుంది. బాక్సు లోపల మూల దగ్గర చెక్కని నేరుగా కాక చిన్న ఏటవాలు ముక్కతో తిప్పుతాడు. మోత గట్టిగా వస్తుందంటాడు. "దీనికి పేటెంటు తీసుకుందామా?" అని నేనే అడిగాను. అప్పటికే ఆ బాక్సులు బజారులో వున్నాయి. లోకానికి చూపించేసినదానికి కొత్తదనం పోతుంది కాబట్టి పేటెంటు రాదు. దరఖాస్తు ముందు, అమ్మకం తర్వాత. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

"పోనీలేరా. పక్కూరి కుర్రాడు అడిగితే మొన్ననే చూపించాను. గడువయ్యాక ఎలాగూ అందరిదీ అయ్యేదేగా" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. "నీకు నలభై ఏళ్లు పట్టింది. వాడికి నలభై నిమిషాలు పట్టింది. ఆ తేడాకి విలువ కట్టడానికేగా చట్టం పెట్టింది?" అన్నాను. "నిజమేరా. కానీ నేను నేర్చుకున్నదీ ఇంకోడి బాక్సు విప్పేగా!" అన్నాడు. ఈ వాదన మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. మీరెవరి పక్షమో మీ ఇష్టం.

ఇప్పుడు ఆయన బాక్సుల వెనక చిన్న రేకుముక్క వుంటుంది. దానిమీద మా అమ్మమ్మ పేరు. మొన్న ఆ పేరు రిజిస్టరు చేయిద్దామని, ఆన్‌లైనులో దరఖాస్తు రుసుము 4,500 రూపాయలని చెబితే మామయ్య నోరు తెరిచాడు.

"ఇదేం న్యాయంరా! దొరల గొట్టాన్ని ఊరికే ఇచ్చిన చట్టం, మా అమ్మ పేరు పెట్టుకోడానికి నా దగ్గర డబ్బు వసూలు చేస్తుందా?"

అన్నాడు గానీ, లోపలికెళ్లి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు.